పరాయి సీమలో సొంత శ్రుతి



మాది నడిగూడెం. కోదాడకు, మునగాలకు దగ్గర. మా ఊళ్లో నా చెవిన పడ్డ మొదటి విదేశీ వాద్యం క్లారినెట్. అది విదేశాల నుంచి వచ్చిందని అప్పట్లో నాకు తెలియదు. అది బ్యాండు మేళం వాళ్లది, అంతే. పెళ్లి బరాత్‌లో పెట్రోమాక్స్ లైట్ల మధ్య ఆ నల్లటి గొట్టం పట్టుకుని ఒకాయన ముందు నడిచేవాడు. ఆయన వెనక డోలు, తాళాలు, బాకాలు. కొత్త సినిమా పాట ఎత్తుకుంటే పిల్లలం చెప్పులు కూడా మరిచిపోయి వెంట పడేవాళ్లం. ఓ వారం పోయాక ఊళ్లో నిండు వయసున్న పెద్దాయన ఎవరైనా కాలం చేస్తే మళ్లీ అదే మేళం వచ్చేది. మళ్లీ అదే క్లారినెట్. కానీ ఆ పూట ఒక తత్వం మెల్లగా, ఆగి ఆగి, మూలిగినట్టు పలికేది. మా ఇళ్లలో ముసలమ్మలు కొంగు నోట్లో కుక్కుకునేవాళ్లు.

ఆ క్లారినెట్ ఆయన పాటను ఉన్నదున్నట్టు వాయించేవాడు కాదు. ఒక స్వరం మీంచి ఇంకో స్వరానికి వెళ్లేటప్పుడు మధ్యలో ఒక జారుడు ఉండేది. రంధ్రం మీద వేలు పూర్తిగా ఎత్తకుండా, సగం ఎత్తి, ఊపిరి బిగపట్టి, ఆ సందులోంచి ఒక ధ్వని తీసేవాడు. రికార్డులో పాడిన గాయకుడి గొంతులో కూడా అది ఉండేది కాదు. ఈయన సొంతం. ఈ సాయంత్రం మీతో చెప్పదలచుకున్నదంతా ఆ జారుడు గురించే. దాన్ని పట్టుకుని పాలకొల్లు నుంచి బెర్లిన్ దాకా వెళ్లిన ఒక తెలుగు పిల్లవాడి గురించి.

జాజ్ అనే మాట వింటే మన వాళ్లకు హోటళ్లు, క్లబ్బులు, పాత హిందీ సినిమాల్లో పొగ నిండిన గదులు గుర్తొస్తాయి. జాజ్ పుట్టింది అలాంటి చోట్లనే కాదు. అమెరికా దక్షిణాన న్యూ ఆర్లీన్స్ అనే రేవు పట్టణం ఉంది. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన నల్లవాళ్లు ఆదివారాల్లో కాంగో స్క్వేర్ అనే మైదానంలో చేరి డప్పులు కొట్టుకుని ఆడుకునేవాళ్లు. తరువాతి కాలంలో ఆ ఊళ్లో వీధి బ్యాండ్లు పుట్టుకొచ్చాయి. బాకాలు, డోళ్లు, క్లారినెట్లు. ఊరేగింపులకూ వాళ్లే, చావులకూ వాళ్లే. శ్మశానానికి వెళ్లేటప్పుడు చర్చి పాట మెల్లగా, కాళ్లీడ్చినట్టు వాయిస్తారు. పెట్టె మట్టిలోకి దిగాక, తిరుగుదారిలో, ఒక్కసారిగా హుషారు పాట అందుకుంటారు. బ్యాండు వెనకాల ఊరు ఊరంతా గొడుగులు ఊపుతూ, ఎగురుతూ వస్తుంది. ఆ వెనక వరుసకు సెకండ్ లైన్ అని పేరు. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఆ వీధుల్లోనే 1901లో పుట్టాడు. అనాథ పిల్లల్నీ దారి తప్పిన పిల్లల్నీ ఉంచే ఒక ఆశ్రమంలోని బ్యాండులో బాకా ఊదడం నేర్చుకున్నాడు. ఆ ఊరివాడే సిడ్నీ బెషే. ఆయన క్లారినెట్ పాత రికార్డులో మొదటిసారి విన్నప్పుడు నాకు మా ఊరి బరాత్ గుర్తొచ్చింది. అదే వణుకు, అదే జారుడు.

ఆ జారుడును వాళ్లు బ్లూ నోట్ అంటారు. పియానో మెట్టుకూ మెట్టుకూ మధ్య సందులో నిలబడే స్వరం. గాంధారం దగ్గర, నిషాదం దగ్గర అది కాస్త కిందికి ఒరిగి ఏడుస్తుంది. పత్తి చేలల్లో పాడుకున్న పాటల్లోంచి ఆ స్వరం వాళ్ల వాద్యాల్లోకి వచ్చింది. మనం దాన్ని గమకం అంటాం. రెండూ ఒకటేనని నేను అనడం లేదు. కానీ స్వరానికి ఉన్న చోటు ఒక చుక్క కాదు, ఒక పరిసరం అన్న తెలివి రెండు చోట్లా ఉంది.

ఇక మన పిల్లవాడి దగ్గరికి వద్దాం.

ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టాడు. పశ్చిమ గోదావరి జిల్లా. పంచారామాల్లో ఒకటైన క్షీరారామం ఉన్న ఊరు. నాన్న సత్యనారాయణ గారు క్లారినెట్ విద్వాంసుడు. చూశారా, మళ్లీ క్లారినెట్ వచ్చింది. ఇంట్లో ఒక మాండలిన్ కూడా ఉండేది. ఐదేళ్ల పిల్లాడు దాన్ని చేతికి తీసుకున్నాడు. ఆ చేతి తీరు చూసి తండ్రి ఇంకో మాండలిన్ కొనిచ్చి తానే పాఠం మొదలుపెట్టాడు. గిటార్ వాయించే వాసూరావు గారు ఏడేళ్లప్పుడు పాశ్చాత్య సంగీతం రుచి చూపించారు. ఆ తర్వాత పిల్లాడు రుద్రరాజు సుబ్బరాజు గారి దగ్గరికి చేరాడు. సత్యనారాయణ గారికీ గురువు ఆయనే. ఆయన గాయకుడు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు.

ఇక్కడ కాస్త ఆగాలి. ఈ కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే.

సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన గాత్రం మనిషి. పిల్లాడిని ఎదురుగా కూర్చోబెట్టుకుని కీర్తన పాడేవారు. పిల్లాడు ఆ గొంతులో ఏముందో అదంతా తీగల మీద దొరికించుకోవాలి. ఏ వేలు ఎక్కడ పెట్టాలో చెప్పేవారు లేరు. అంతకుముందు కర్ణాటక కచేరీలో మాండలిన్ బాణీ అంటూ ఏదీ లేదు కాబట్టి పక్కన ఇంకొకరిని చూసి నేర్చుకునే వీలూ లేదు. గురువు గారి గొంతే పుస్తకం. గొంతులో ఊగిన ప్రతి ఊపుకూ వేలు ఒక దారి కనిపెట్టాలి. తనకు వాద్యం తెలియకపోవడమే ఆయన శిష్యుడికి చేసిన గొప్ప ఉపకారం అని నాకు అనిపిస్తుంది. తెలిసి ఉంటే తన వేళ్లను నేర్పేవారు. తెలియదు కాబట్టి పాటనే నేర్పారు.

మాండలిన్ ఎంత మొండి వాద్యమో వినేవాళ్లకు తెలియాలి. అది ఇటలీ దేశపు వాద్యం. జంట తీగలు, నాలుగు జతలు, మొత్తం ఎనిమిది. మెడ పొట్టి. మెట్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. మీటితే ధ్వని టింగుమని లేచి అంతలోనే ఆరిపోతుంది. మన సినిమా పాటల్లో మాండలిన్ వాయించేవాళ్లు ఒకే స్వరం మీద గబగబా మీటి మీటి దాన్ని నిలబెట్టేది అందుకే. వీణకు పెద్ద మెట్లుంటాయి, తీగను పక్కకు లాగి ఐదారు స్వరాలు తీయొచ్చు. మాండలిన్ మీద జంట తీగల్ని లాగితే ఒకటి ఒక శ్రుతిలో, ఇంకొకటి ఇంకో శ్రుతిలో పడుతుంది. తోడి రాగంలో ఊగాల్సిన గాంధారం అక్కడ రెండు ముక్కలైపోతుంది.

శ్రీనివాస్ జంట తీగలు తీసేశాడు. విద్యుత్ మాండలిన్ తీసుకుని ఐదు ఒంటి తీగలు కట్టుకున్నాడు. ఒంటి తీగ అయితే లాగొచ్చు, జార్చొచ్చు. కరెంటు సాయం ఉంటే మీటిన ధ్వని ఆరిపోకుండా కొంతసేపు నిలుస్తుంది. ఐదో తీగ వల్ల కిందికి, మంద్రంలోకి దిగడానికి చోటు దొరికింది. చెప్పడానికి ఇది మూడు వాక్యాలు. కానీ ఆ మూడు మార్పులతో ఒక వాద్యం దేశం మారింది.

1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధన ఉత్సవాల్లో మొదటి కచేరీ. తొమ్మిదేళ్లు. తర్వాత కుటుంబం మద్రాసు చేరింది. 1981 డిసెంబరు సంగీత రుతువులో ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదిక మీద పన్నెండేళ్ల పిల్లవాడు వాయించాడు. మద్రాసు అంటే మాటలు కాదు. తల ఊపడంలోనూ లెక్క చూసుకునే సభ. కరెంటు తీగ తగిలించిన ఈ బుల్లి వాద్యం మీద కర్ణాటక సంగీతమా అని పెదవి విరవడానికి తగినంత కారణం ఉంది.

పెదవి విరవడం అంటే ఒక విషయం చెప్పాలి. నేను మాట్లాడుతున్న ఈ ఆకాశవాణే 1940లో హార్మోనియాన్ని బహిష్కరించింది. దానికి చెప్పిన కారణం ఇదే. మెట్టు నొక్కితే వచ్చేది ఒకటే స్వరం, ఊగదు, జారదు, గమకం లేదు. 1971లో ఆ ఆంక్ష సడలించేదాకా హార్మోనియం రేడియో గుమ్మం దగ్గరే నిలబడింది. వాదంలో నిజం లేకపోలేదు. కానీ అంతకు నూట నలభై ఏళ్ల ముందే ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు తెల్లవాళ్ల ఫిడేలును తెచ్చి మన సంగీతంలో కూర్చోబెట్టాడు. ఇవాళ ఫిడేలు లేని కచేరీని ఊహించలేం. ఆ తర్వాత క్లారినెట్ వచ్చింది. మంగుళూరు వైపు నుంచి కద్రి గోపాల్‌నాథ్ శాక్సఫోన్ తెచ్చాడు. 1980లో బొంబాయిలో జాజ్ యాత్ర అనే ఉత్సవంలో అమెరికన్ శాక్సఫోన్ విద్వాంసుడు జాన్ హ్యాండీతో కలిసి వాయించాడు. వాద్యానికి కులం ఉండదు. దాని మీద జారుడు పలుకుతుందా లేదా, అదొక్కటే ప్రశ్న.

మద్రాసు సభ కొంతసేపటికి ఆ ప్రశ్న అడగడం మానేసింది.

1983. బెర్లిన్ జాజ్ ఫెస్టివల్. అప్పటికి బెర్లిన్ రెండు ముక్కలు, మధ్యలో గోడ. పశ్చిమ బెర్లిన్ అంటే తూర్పు జర్మనీ నడి మధ్యన చిక్కుకున్న ద్వీపం లాంటి నగరం. ఐరోపాలోని పెద్ద జాజ్ ఉత్సవాల్లో అక్కడి ఫెస్టివల్ ఒకటి. ఆ వేదిక మీద పద్నాలుగేళ్ల పాలకొల్లు కుర్రాడు కూర్చుని కర్ణాటక కచేరీ చేశాడు. జాజ్ వినడానికి టికెట్టు కొనుక్కుని వచ్చిన జనం ఇంకా వాయించమని అడిగారు.

నేను చాలాకాలం ఈ సంఘటనను ఒక ఘనకార్యంగానే చెప్పుకునేవాణ్ణి. మనవాడు గెలిచొచ్చాడు అన్నట్టు. ఆలోచించిన కొద్దీ వేరే ప్రశ్న మిగిలింది. వాళ్లు ఏం విన్నారు? త్యాగరాజు ఎవరో తెలియదు. భాష తెలియదు. తాళం తెలియదు. మరి ఏం వినబడి కదలకుండా కూర్చున్నారు?

నాకు తోచింది చెప్తాను. జాజ్ వినేవాడు ఒక సంగతి కోసం చెవి రిక్కించి వస్తాడు. ఈ క్షణం, ఇక్కడ, ఈ మనిషి ముందే అనుకోనిది ఏం వాయించబోతున్నాడు? జాజ్ పాటలో మొదట ఒక బాణీ వస్తుంది. అందరూ కలిసి వాయిస్తారు. తర్వాత ఒక్కొక్కరుగా బయల్దేరతారు. ఆ బాణీ కింద పేర్చిన స్వరాల పునాది అలాగే తిరుగుతూ ఉంటుంది, దాని మీద కొత్త మేడ అప్పటికప్పుడు కట్టాలి. చివరికి మళ్లీ అందరూ మొదటి బాణీకి చేరుకుంటారు. మన కచేరీకి వచ్చేవాడూ అందుకే వస్తాడు. కృతి అందరికీ తెలిసిందే. ఎత్తుకునే ముందు ఆలాపన ఎంత దూరం పోయింది, నెరవు ఏ మాట దగ్గర పట్టాడు, కల్పనస్వరాలు ఎలా అల్లి పల్లవి ఎత్తుగడకు తెచ్చి ముడివేశాడు, ఇదీ మన లెక్క. మనం దాన్ని మనోధర్మం అన్నాం. ఆ మాట చాలా గొప్పది. చూసి వాయించడానికి కాగితం ఉండదు, మనసే దానికి ధర్మం.

తేడా కూడా చెప్పాలి, లేకపోతే అబద్ధమవుతుంది. జాజ్‌లో నేల కదులుతుంది. వాళ్ల స్వరగుచ్ఛాలు నాలుగైదు అడుగులకోసారి మారిపోతాయి, వాయించేవాడు కదిలే పడవ మీద నిలబడి నాట్యం చేసినట్టు వాయించాలి. మన దగ్గర నేల కదలదు. తంబూరా సా, పా పట్టుకుని కూర్చుంటుంది. కదలికంతా స్వరం లోపలే జరగాలి. ఒక్క గాంధారంలో ఒక ప్రయాణం ఉండాలి. అందుకే మనకు గమకం అలంకారం కాదు, ఊపిరి.

ఇంకో పోలిక ఉంది, ఇది వింటే మీకు ముచ్చటేస్తుంది. మన కచేరీలో తాళవాద్యాల వంతైన తని ఆవర్తనంలో మృదంగం, ఘటం ఒకరికొకరు జవాబు చెప్పుకుంటాయి కదా. మొదట ఒక్కో ఆవర్తనం, తర్వాత అర ఆవర్తనం, తర్వాత పావు, ఆ తర్వాత ఇంకా తగ్గి తగ్గి చివరికి నాలుగు దెబ్బలకు నాలుగు దెబ్బలు, ఆపైన ఇద్దరూ కలిసి ఒకే తీర్మానం. దీన్ని కొరైప్పు అంటారు. తగ్గించుకుంటూ పోవడం. జాజ్‌లో అచ్చంగా ఇలాంటిదే ఒకటి ఉంది. డ్రమ్ములవాడూ బాకావాడూ నాలుగేసి గతులు పంచుకుని మాటకు మాట అన్నట్టు వాయిస్తారు. న్యూ ఆర్లీన్స్ వాళ్లు తంజావూరు రాలేదు, తంజావూరు వాళ్లు అక్కడికి పోలేదు. అయినా 1958లో అమెరికన్ పియానో విద్వాంసుడు డేవ్ బ్రూబెక్ మద్రాసు వచ్చినప్పుడు మృదంగం పళని సుబ్రహ్మణ్య పిళ్లైతో కలిసి వాయించాడు. పాత పరిచయస్తుల్లా వాళ్లిద్దరికీ మాట కలిసింది.

బెర్లిన్ జనానికి వినబడింది ఇదే అయి ఉంటుందని నా నమ్మకం. అర్థం కాని భాషలో అర్థమయ్యే సాహసం.

ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పుకోవాలి. నడిగూడెం మునగాల పరగణాకు కోట ఉన్న ఊరు. ఇప్పుడు సూర్యాపేట జిల్లా. నిజాం కాలంలో మాత్రం మా పరగణా నిజాం రాజ్యంలో లేదు. చుట్టూ నాలుగు దిక్కులా నిజాం సీమ, మధ్యలో మా ఊళ్లు మాత్రం ఇంగ్లీషు వాళ్ల కృష్ణా జిల్లా. పరగణా పొలిమేర దాటితే నాణెం వేరు, కచేరీ వేరు, కాగితం మీద భాష వేరు. ఆ చిన్న ద్వీపంలో కూర్చుని రాజా నాయని వెంకటరంగారావు గారు, ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు గారు ఇంకా కొందరితో కలిసి 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయానికి పునాది వేశారు. ఆర్మ్‌స్ట్రాంగ్ పుట్టిన ఏడాదే. పింగళి వెంకయ్య గారు మా నడిగూడెంలో ఉండి పత్తి మీద పరిశోధనలు చేశారు. ఇదంతా మా ఊరివాళ్లం గొప్పగా చెప్పుకుంటాం, ఎందుకు చెప్పుకోకూడదు. కానీ నాకు చిన్నప్పటి నుంచి పట్టుకున్నది వేరే సంగతి. పరాయి రాజ్యం నడిమధ్య ఉండి కూడా తన పద్ధతి తాను నడుపుకున్న చోటు ఉంటుందనీ, అది ఇనుప గోడ కట్టుకుని మూసుకోకుండా, చుట్టుపక్కల వాళ్ల కోసం కూడా పని చేయగలదనీ. హైదరాబాదులో తెలుగు పుస్తకాలకు తలుపు తెరిచినవాళ్లలో మా పరగణా వాళ్లూ ఉన్నారు కదా.

శ్రీనివాస్ తర్వాతి ముప్పై ఏళ్లు నాకు అలాగే కనిపిస్తాయి.

జాన్ మెక్‌లాఫ్లిన్ అని ఇంగ్లండు గిటార్ విద్వాంసుడు. అమెరికన్ జాజ్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ బృందంతో 1969లో చేసిన రికార్డులతో జాజ్ గిటార్ దారి మారింది. అలాంటి మనిషి అమెరికాలో వెస్లియన్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ ఎస్. రామనాథన్ గారి దగ్గర కూర్చుని వీణ నేర్చుకున్నాడు. 1970ల్లో ఎల్. శంకర్ ఫిడేలు, జాకిర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయక్రామ్ ఘటంతో శక్తి అనే బృందం కట్టాడు. ఆ బృందం కోసం మెక్‌లాఫ్లిన్ తన గిటార్ మెట్ల మధ్య చెక్కను గుంటలుగా తొలిపించుకున్నాడు. ఎందుకో ఊహించండి. తీగను లోతుగా నొక్కి లాగడానికి. గమకం కోసం. పాలకొల్లు పిల్లాడు జంట తీగలు తీసేసి ఒంటి తీగ కట్టింది దేనికో, ఇంగ్లండు విద్వాంసుడు గిటార్ మెడ చెక్కించుకుంది దానికే. ఇద్దరూ రెండు ఒడ్ల నుంచి ఒకే వంతెన కట్టుకుంటూ వచ్చారు. మధ్యలో కలవాలి. కలిశారు.

1990ల చివర్లో ఆ బృందం రిమెంబర్ శక్తి అనే పేరుతో మళ్లీ లేచింది. ఈసారి మెక్‌లాఫ్లిన్ పక్కన మాండలిన్ కూర్చుంది. జాకిర్ హుస్సేన్ తబలా, వినాయక్రామ్ కొడుకు సెల్వగణేశ్ కంజీర, తర్వాత శంకర్ మహదేవన్ గాత్రం. 1999 ఐరోపా యాత్రలో వాయించింది ద బిలీవర్ అనే డిస్కుగా వచ్చింది. అందులో మాయ అనే రచన శ్రీనివాస్‌ది. 2000 డిసెంబరులో బొంబాయిలో వాయించినది సాటర్‌డే నైట్ ఇన్ బాంబే పేరుతో మరుసటి ఏడు వచ్చింది. అందులో త్యాగరాజ స్వామి బంగాళ రాగంలో గణపతి మీద చేసిన గిరిరాజసుతా కృతి ఉంది. శంకర్ మహదేవన్ పాడారు. ఆ కృతి మనకు కచేరీ మొదట్లో వచ్చే చిన్న కృతి. గణపతికి దండం పెట్టుకుని ముందుకు పోతాం. అక్కడ అది మెల్లగా విచ్చుకుంటూ పోతుంది. పల్లవి మీద గిటార్ ఒక మలుపు వేస్తుంది, మాండలిన్ దాన్ని అందుకుని ఇంకో మలుపు తిప్పి ఇస్తుంది. నవ్వు వినబడకపోయినా వాళ్లిద్దరూ నవ్వుకుంటున్నారని తెలుస్తుంది.

వినేటప్పుడు ఒక్కటి గమనించండి. మెక్‌లాఫ్లిన్ జాజ్ వైపు నుంచి వస్తాడు, శ్రీనివాస్ జాజ్ వైపు వెళ్లడు. ఇది నా చెవికి తెలిసిన సంగతి, తప్పైతే సంగీతజ్ఞులు దిద్దవచ్చు. శ్రీనివాస్ ఎంత వేగంగా పోయినా రాగం గడప దాటడు. బంగాళ అయితే బంగాళే. వచ్చే పోయే స్వరాల పద్ధతి చెడదు. గిటార్ కింద నేల జరిపినా ఆయన శ్రుతి జరగదు. అయినా ఆ మాట అవతలివాడికి జవాబుగా ఉంటుంది. వినకుండా వాయించేవాడు అలా వాయించలేడు. రెండు సంగీతాల్ని కలిపి కూర వండినట్టు వండేవాళ్లు చాలామంది ఉన్నారు. ఒకటి ఇంకొకదానిలో కరిగిపోతుంది, చివరికి రెంటి రుచీ తెలియదు. శ్రీనివాస్ దగ్గర అలా జరగదు. పరాయి సీమ నడుమ తన పరగణా తనే నడుపుకుంటూ, పొలిమేర మీద నిలబడి చేయి చాపుతాడు.

ఆయన జాజ్ వాళ్లతోనే ఆగలేదు. కెనడా గిటార్ విద్వాంసుడు మైకేల్ బ్రూక్‌తో 1995లో డ్రీమ్ అనే రికార్డు చేశాడు. ఇంగ్లండు స్వరకర్త మైకేల్ నైమన్‌తో పనిచేశాడు. 1998లో పద్మశ్రీ వచ్చింది. తమ్ముడు రాజేశ్‌ను కూడా మాండలిన్ విద్వాంసుడిగా తీర్చాడు. రాజేశ్ 2008లో మెక్‌లాఫ్లిన్ ఫ్లోటింగ్ పాయింట్ రికార్డులో వాయించాడు. ఎన్ని దేశాలు తిరిగినా డిసెంబరు వచ్చేసరికి మద్రాసు సభల్లో నుదుట బొట్టు, పట్టు చొక్కాతో శ్రీనివాస్ కూర్చునేవాడు, మాండలిన్ ఒద్దికగా ఒడిలో పడుకుని ఉండేది. కచేరీ అంతా ఆ మొహం మీద చిరునవ్వు ఉండేది. కష్టమైన చోట అది కాస్త పెద్దదయ్యేది.

నా మొదటి శ్రీనివాస్ రేడియోలోనే. ఒక రాత్రి నడిగూడెంలో కరెంటు పోయింది. బ్యాటరీ ట్రాన్సిస్టరు అటూ ఇటూ తిప్పుతుంటే ఆదితాళంలో ఏదో పలికింది. వీణ అనుకున్నాను. వీణ ఇంత చురుగ్గా ఉండదే అనుకున్నాను. ఫిడేలు కాదు, మీటు వినబడుతోంది. కచేరీ అయ్యాక అనౌన్సరు వాద్యం పేరు చెప్పేదాకా తేల్చుకోలేకపోయాను. తర్వాత కోదాడ బజారులో ఆయన క్యాసెట్ ఒకటి కొనుక్కున్నాను. తీగ లాగినప్పుడు అందులో వినబడ్డ జారుడు నాకు కొత్త కాదు. బరాత్ ముందు నడిచిన ఆ క్లారినెట్ ఆయన వేలు సగం ఎత్తి తీసినదే. ఆయన తన పేరు వేదికల మీద చూసుకోలేదు. పాలకొల్లులో ఇంకో క్లారినెట్ మనిషి కొడుకు ఆ జారుడుతోనే బెర్లిన్‌కు వెళ్లాడు.

జాజ్ మన పల్లెలకు రాలేదని అనకండి. 1955 నుంచి అమెరికా రేడియో వాయిస్ ఆఫ్ అమెరికాలో విల్లిస్ కనోవర్ అనే ఆయన రాత్రుళ్లు జాజ్ రికార్డులు వేస్తూ నెమ్మదిగా, అచ్చరం అచ్చరం తేటగా మాట్లాడేవాడు. పొట్టి తరంగాల మీద, గరగరల మధ్య, అది తూర్పు ఐరోపాకూ చేరింది, ఆసియాకూ చేరింది. ఇనుప తెర వెనకున్న దేశాల్లో కుర్రాళ్లు ఆయన గొంతులోనే ఇంగ్లీషు నేర్చుకున్నారట. రేడియో అంటే అది. ఎవరి పెరట్లో పుట్టిన పాట ఎవరి పెరట్లో వినబడుతుందో చెప్పలేం.

2014 సెప్టెంబరు 19న చెన్నైలో శ్రీనివాస్ వెళ్లిపోయాడు. కాలేయం జబ్బు. నలభై ఐదేళ్లు. ఆ రోజు వార్త విన్నప్పుడు నాకు మొదట తోచింది ఆయన వయసు కాదు, మాండలిన్ వయసు. కర్ణాటక సంగీతంలో ఆ వాద్యం పుట్టి అప్పటికి నలభై ఏళ్లు కూడా కాలేదు. ఫిడేలుకు రెండు వందల ఏళ్లు దొరికాయి, ఎన్నో చేతులు దొరికాయి. మాండలిన్‌కు మొదటి చేయి అంత త్వరగా ఆగిపోయింది.

తొమ్మిదేళ్లు పోయాక, 2023లో, శక్తి బృందం దిస్ మూమెంట్ అనే రికార్డు చేసింది. మరుసటి ఏడాది దానికి గ్రామీ పురస్కారం వచ్చింది. అదే మెక్‌లాఫ్లిన్, అదే జాకిర్ హుస్సేన్, శంకర్ మహదేవన్, సెల్వగణేశ్. అందులో ఒక పాట పేరు శ్రీనీస్ డ్రీమ్. శ్రీని కల అని. మనవాణ్ణి వాళ్లు అలా పిలుచుకునేవాళ్లు. ఆ బృందంలో అప్పుడు మాండలిన్ లేదు. ఆ చోట ఇంకో మాండలిన్‌ను కూర్చోబెట్టలేదు. గణేశ్ రాజగోపాలన్ గారి ఫిడేలు వచ్చింది. పాశ్చాత్యుల లెక్కలో ఫిడేలుకూ మాండలిన్‌కూ తీగల శ్రుతి ఒకటే. నాలుగు తీగలూ అవే స్వరాలు. ఒకటి కమానుతో పలుకుతుంది, ఇంకొకటి మీటుతో. ఆ పాట వినేటప్పుడు ఫిడేలు ఒక స్వరం మీంచి కిందికి జారుతుంది చూడండి. అక్కడ మీటు కోసం నా చెవి ఇంకా ఎదురుచూస్తూనే ఉంటుంది.